డబ్బా ఎవరిది, లాభం ఎవరికి?

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి ఫోను తెరిస్తే చాలు, చుట్టపక్కాలంతా వరసగా పలకరిస్తారు. వాట్సాప్ స్టేటస్‌లో బావగారు కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తుంటారు. పిన్నిగారి గోంగూర పచ్చడి నూనె తేలి నిగనిగలాడుతూ ఉంటుంది. డల్లాస్‌లో మేనకోడలి సీమంతం, పక్క ఫ్లాటు అబ్బాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు, ఎప్పుడో కలిసి పనిచేసినాయనకి ప్రమోషన్. అన్నీ ఒక్కటీ వదలకుండా చూసి, ఒకటి రెండింటికి చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టి, ఆనక "వీళ్ళకింకేం పన్లేదా? పొద్దస్తమానం సొంత డబ్బాయే!" అని విసుక్కునేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

అదే మనిషికి నెల తిరక్కుండా వాళ్ళమ్మకి మోకాలిచిప్ప మార్పించాలని డాక్టరు చెప్పారనుకోండి. ఆసుపత్రిలో అన్నీ వివరంగా విన్నా మనసు కుదుటపడదు. రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని యూట్యూబ్‌లో వెతుకుతారు. ఆపరేషన్ అయినవాళ్ళు ఎన్నో రోజుకి లేచి నిలబడ్డారు, వ్యాయామం చేయించేటప్పుడు ఎంత నొప్పి పుట్టింది, మెట్లు ఎప్పుడెక్కారు అని. ముక్కూమొహం తెలియని ఒకావిడ తన కాలు తానే వీడియో తీసి, వాకర్ పట్టుకుని వంటింటిదాకా నడిచి చూపిస్తుంటే, రెండుసార్లు వెనక్కి జరిపి మరీ చూస్తారు. అప్పుడది డబ్బా అనిపించదు.

తన గురించి తాను చెప్పుకోవడం ఒకచోట విసుగు, ఇంకోచోట ఊరట. ఈ తేడా ఎక్కడొస్తోందో శాస్త్రవేత్తలూ, కోర్టులూ, చట్టసభలూ కూడా పదిహేనేళ్ళుగా తరచి చూస్తున్నాయి.

మెదడుకి మిఠాయి

మొదట ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. తన మాట తాను చెప్పుకోవడం ఫేస్‌బుక్ నేర్పిన అలవాటు కాదు. అరుగుల మీద, బావుల దగ్గర, రైలు పెట్టెల్లో జరిగిందంతా అదే. రోజువారీ సంభాషణల్లో 30 నుంచి 40 శాతం దాకా మనుషులు తమ అనుభవాలూ, అభిప్రాయాలే చెప్పుకుంటారని పరిశోధకులు లెక్కగట్టారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డయానా తమీర్, జేసన్ మిచెల్ 2012లో ప్రచురించిన అధ్యయనం మరో అడుగు ముందుకెళ్ళింది. తమ గురించి మాట్లాడుతున్నప్పుడు మనుషుల మెదళ్ళను స్కాన్ చేస్తే, తిండి దొరికినప్పుడూ డబ్బు వచ్చినప్పుడూ చురుకెక్కే భాగాలే అప్పుడూ చురుకెక్కాయి. వేరేవాళ్ళ గురించి జవాబు చెబితే కాస్త ఎక్కువ డబ్బిస్తామన్నా, ఆ కాస్తా వదులుకుని తమ గురించే చెప్పడానికి మొగ్గు చూపినవాళ్ళు కనిపించారు.

అంటే సరదా పాతదే. సోషల్ మీడియా దానికి రెండు జతచేసింది: వినేవాళ్ళ సంఖ్య, దాన్ని లెక్కపెట్టే మీట. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ వచ్చింది 2009 ఫిబ్రవరిలో. అరుగు మీద కబుర్లు చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళకి విసుగొస్తే మొహంలో తెలిసిపోతుంది, చెప్పేవాడు మాట మారుస్తాడు. ఫోనులో విసుక్కున్న మొహాలు కనపడవు. వచ్చిన 84 లైకులు మాత్రం కనపడతాయి.

ఈ గుడ్డితనం మీద కూడా పరిశోధన జరిగింది. ఐరీన్ స్కోపెలిటీ, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తమ విజయాలు చెప్పుకునేవాళ్ళు ఎదుటివాళ్ళు తమతో పాటు సంతోషిస్తారని, గర్వపడతారని ఎక్కువగా ఊహించుకుంటారు. ఎదుటివాళ్ళకి కలిగే చిరాకును తక్కువగా అంచనా వేస్తారు. చెప్పేవాడి గుండెలో సంతోషం నిజమైనదే. దాన్ని అదే కొలతలో అవతలి గుండెలోకి ఒంపేశానన్న లెక్కే తప్పుతోంది. కారు ఫోటో పెట్టిన బావగారు నిజంగానే బంధువులంతా సంబరపడుతున్నారనుకుంటారు. బంధువులు ఈఎంఐ ఎంతై ఉంటుందా అని లెక్కలేస్తుంటారు.

మరి ఈ తరం మొత్తానికే తమ మీద తమకి మోజు ముదిరిపోయిందా? అమెరికాలో జీన్ ట్వెంగీ, కీత్ క్యాంప్‌బెల్ 2009లో 'ద నార్సిసిజం ఎపిడెమిక్' పేరుతో పుస్తకమే రాశారు. స్వాతిశయం అంటురోగంలా ప్రబలుతోందన్నది వాళ్ళ వాదన. అయితే 2017లో వచ్చిన మరో అధ్యయనం మూడు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో 1990ల నుంచి 2010ల దాకా చదివిన విద్యార్థుల జవాబులు పోల్చి చూసి, ఆ గుణం పెరగకపోగా కొద్దిగా తగ్గిందని తేల్చింది. స్వాతిశయం ఎక్కువున్నవాళ్ళు సెల్ఫీలూ పోస్టులూ కాస్త ఎక్కువ పెడతారన్నది మాత్రం పలు అధ్యయనాల్లో కనిపించింది. ఆ సంబంధం మరీ గట్టిదేమీ కాదు. స్టేటస్ పెట్టిన ప్రతివాళ్ళనీ అహంకారుల జాబితాలో వెయ్యడానికి అది చాలదు.

చెన్నపట్నం నుంచి కాశీదాకా

తెలుగువాళ్ళకి ఈ సంగతిలో రెండు శతాబ్దాల నాటి సాక్షి ఒకాయనున్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరాడు. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారి పొడుగునా తను చూసింది, పడింది అంతా రాసి మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి పంపాడు. ఆయన 1838లో దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించాడు.

ఆయన రాసిందంతా 'నేను' కథే. కానీ ఆ కథలో ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ బియ్యం పప్పు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఏ ఏరు ఎలా దాటాలి అన్నవన్నీ ఉన్నాయి. తర్వాత బయల్దేరేవాడికి పనికొచ్చే సరుకది. ఇవాళ కేదార్‌నాథ్ వెళ్ళొచ్చి గుడి ముందు ఫోటో ఒక్కటే పెట్టేవాళ్ళకీ, గుర్రానికి ఎంతడిగారో, ఏ మలుపులో చలి కొరికిందో, పెద్దవాళ్ళకి ఊపిరాడక ఎక్కడ ఆగారో కూడా చెప్పేవాళ్ళకీ ఉన్న తేడా ఇక్కడే దొరుకుతుంది. ఇద్దరూ తమ గురించే చెబుతున్నారు. రెండోవాళ్ళ మాటల్లో చదివేవాడికి కూడా కాస్త చోటుంది.

ఈ కాలానికొస్తే, కృష్ణా డెల్టాలో తెనాలి దగ్గర గుడివాడలో ఉండే మస్తానమ్మ నూరేళ్ళు దాటాక యూట్యూబ్‌కెక్కింది. మునిమనవడు 2016లో 'కంట్రీ ఫుడ్స్' అనే ఛానల్లో ఆవిడ వంటలు పెట్టడం మొదలెట్టాడు. పొలంలో రాళ్ళపొయ్యి, మట్టిపాత్ర, చేత్తోనే కొలతలు, గోళ్ళతోనే టమాటా తొక్క తీయడం. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండిన వీడియో దేశాలు దాటింది. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూసేనాటికి ఛానల్‌కి పది లక్షలమందికి పైగా చందాదారులు. ఆవిడ తన గురించి ఒక్క గొప్పా చెప్పలేదు. మసాలా నూరుకుంటూ కూర్చుంది, అంతే. వంట పుస్తకాలకెక్కని చేతివాటం ఒకటి అలా నిలిచిపోయింది.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' కథ ఇంకో రకం. శ్రీరామ్ శ్రీకాంత్ తన ఊరి ముచ్చట్లే చిన్నచిన్న వీడియోలుగా తీశాడు. బతుకంతా కూలిపనులు చేసుకున్న మిల్కూరి గంగవ్వ వాటిలో తన యాసలో తాను తిట్టింది, నవ్వింది, నవ్వించింది. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది, 2020లో బిగ్ బాస్‌కి వెళ్ళింది, ఆ తర్వాత ఊళ్ళో సొంతిల్లు కట్టుకుంది. అంతదాకా తెలంగాణ యాస తెరమీద చాలావరకు ఎగతాళికో, విలన్‌కో పనికొచ్చింది. ఆ యాసే ఒక ముసలమ్మ నోట ఇంటిమాటగా లక్షలమందికి చేరడానికి స్టూడియో అక్కర్లేకపోయింది.

రోగం బయటపెడితే

అసలు పెద్ద లాభం కనిపించేది జబ్బుల దగ్గర. మనవాళ్ళకి రోగం దాచుకోవడం పాత అలవాటు. సంబంధాలు చెడతాయని, జాలి చూపులు భరించలేమని, "పూర్వజన్మలో ఏం చేసుకుందో" అంటారని గుట్టుగా ఉంచుతారు. నటి సమంత 2022 అక్టోబరులో తనకి మయోసైటిస్ ఉందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాసేవరకు, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కండరాల మీద దాడి చేసే జబ్బొకటుందని చాలా తెలుగిళ్ళకి తెలియదు. ఆ వారమంతా పేపర్లూ టీవీలూ దాని లక్షణాలే చెప్పాయి.

పేరున్నవాళ్ళు నోరు విప్పితే ఎంత కదలిక వస్తుందో కొలిచినవాళ్ళూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ ముప్పు తెచ్చే జన్యువు తనలో ఉందని, అందుకే ముందుజాగ్రత్తగా శస్త్రచికిత్స చేయించుకున్నానని హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ 2013 మేలో న్యూయార్క్ టైమ్స్‌లో రాసింది. ఆ తర్వాతి పదిహేను పనిదినాల్లో అమెరికాలో ఆ జన్యు పరీక్షలు 64 శాతం పెరిగాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

పేరులేనివాళ్ళు తమ సంగతులు పంచుకోవడం ఇంకా గొప్ప పని చేసిన సందర్భం ఒకటుంది. ఏఎల్‌ఎస్ అనే జబ్బులో కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోతాయి. నయం చేసే మందు లేదు. 2008లో ఇటలీ వైద్యులు కొద్దిమంది రోగుల మీద ప్రయత్నించి, లిథియం ఇస్తే ఆ జబ్బు నెమ్మదిస్తోందని ప్రకటించారు. రోగులు ఆగలేకపోయారు. ఆగేందుకు వాళ్ళ దగ్గర కాలం లేదు. చాలామంది తమ డాక్టర్లని ఒప్పించి లిథియం మొదలెట్టారు. అమెరికాలో ఏఎల్‌ఎస్ వచ్చిన ఒకాయన అన్నదమ్ములు 2004లో స్థాపించిన 'పేషెంట్స్ లైక్ మీ' అనే వేదికలో వాళ్ళు తమ పరిస్థితి రాసుకుంటూ పోయారు. మింగిన మోతాదు ఎంత, ఇవాళ చొక్కా గుండీ పెట్టుకోగలిగామా, మెట్టెక్కగలిగామా, మాట ఎంత స్పష్టంగా వస్తోంది. అలా లిథియం వాడిన 149 మంది వివరాలను, అదే తీరులో జబ్బు ముదురుతున్న మిగతా రోగుల వివరాలతో పోల్చి చూస్తే మందు పనిచెయ్యలేదని తేలింది. ఆ ఫలితం 2011లో 'నేచర్ బయోటెక్నాలజీ' పత్రికలో అచ్చయింది. పెద్ద ఎత్తున జరిగిన వైద్య పరీక్షలూ అదే చెప్పాయి. మంచి కబురు కాదు, నిజమే. కానీ ఉత్త ఆశ మీద ఒక మందు మింగుతూ, దాని దుష్ఫలితాలు భరించే బాధ తప్పింది.

అదే జబ్బు 2014 వేసవిలో నెత్తిన ఐసునీళ్ళు గుమ్మరించుకునే సరదాకి కారణమైంది. ఫేస్‌బుక్‌లో 1.7 కోట్ల మంది తమ వీడియోలు పెట్టారు. "ఇదంతా షోకు" అని వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు. అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కి మాత్రం 11.5 కోట్ల డాలర్లు చేరాయి. ఆ డబ్బు సాయం అందిన పరిశోధనల్లో ఒకటి 2016లో ఈ జబ్బుతో ముడిపడ్డ ఎన్‌ఈకే1 అనే జన్యువును గుర్తించింది. నీళ్ళకి కరువున్న చోట ఇదేం విడ్డూరమని హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి అదే ఏడాది ఆగస్టులో 'రైస్ బకెట్ ఛాలెంజ్' మొదలెట్టింది. నియమం చిన్నది: ఒక బకెట్ బియ్యం లేనివాళ్ళకివ్వాలి, ఫోటో పెట్టాలి. ఇచ్చిన చేయి కనపడాలన్న సరదా కూడా బియ్యం బకెట్‌కి పనికొచ్చింది.

2021 ఏప్రిల్, మే నెలల కరోనా ఉప్పెన గుర్తున్నవాళ్ళకి ఈ వాదన విడమరిచి చెప్పక్కర్లేదు. రోగి పేరు, వయసు, ఆక్సిజన్ 84, ఏ ఆసుపత్రి, ఏ గ్రూపు ప్లాస్మా, వెంట ఉన్నవాళ్ళ ఫోన్ నంబరు. మామూలు రోజుల్లో పక్కింటివాళ్ళకి కూడా చెప్పని సంగతులన్నీ ఊరంతటికీ తెలిసేలా పెట్టారు. ఎవరో ఒకరు సిలిండరు పట్టుకొచ్చారు.

కడుపు చించుకుంటే

చెప్పుకున్నదానికి మూల్యం కూడా ఉంటుంది. మీటూ వెల్లువలో పాత్రికేయురాలు ప్రియా రమణి అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ పేరు చెప్పి, తనకెదురైన లైంగిక వేధింపుల అనుభవం ట్విట్టర్‌లో బయటపెట్టాక, అతను 2018 అక్టోబరులో ఆమె మీద క్రిమినల్ పరువునష్టం కేసు వేసి, ఆ వెంటనే పదవి వదులుకున్నాడు. రెండేళ్ళకు పైగా కోర్టు చుట్టూ తిరిగాక 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టింది. స్త్రీ తన గోడును తనకి నచ్చిన వేదిక మీద, దశాబ్దాలు గడిచాకైనా చెప్పుకోవచ్చని ఆ తీర్పు చెప్పింది.

కొన్ని మూల్యాలకి తీర్పులుండవు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా ప్రపంచమంతటా సెల్ఫీ దిగుతూ 259 మంది చనిపోయారని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు పత్రికా వార్తలు గాలించి లెక్క తీశారు. వాళ్ళలో 159 మంది చనిపోయింది మన దేశంలోనే. చెరువులు, రైలు పట్టాలు, కొండ అంచులు. ఎక్కువమంది కుర్రాళ్ళు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న సామెత ఈ రోజుల్లో ఎవరి కాళ్ళ మీదైనా పడొచ్చు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2013లో 58 వేలమంది వాలంటీర్ల ఫేస్‌బుక్ లైకులు తీసుకుని, వాటితోనే వాళ్ళ మతం, రాజకీయాలు, స్వభావం చాలావరకు చెప్పొచ్చని చూపించారు. ఐదేళ్ళకి కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థ వ్యవహారం బయటపడింది. వ్యక్తిత్వం చెబుతామన్న ఒక క్విజ్ యాప్ ద్వారా 8.7 కోట్ల మంది వివరాలు చేతులు మారాయి. భారతదేశంలో ఆ యాప్ వేసుకున్నవాళ్ళు 335 మంది. స్నేహితుల జాబితాల ద్వారా వలలో పడి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పిన భారతీయుల సంఖ్య 5,62,120. వాళ్ళలో ఎక్కువమంది ఆ క్విజ్ పేరైనా విని ఉండరు.

ఇక్కడే చాలామంది మరిచిపోయే మూడో మనిషి కనపడతాడు. చెప్పేవాడు, వినేవాడు కాక, వేదిక నడిపేవాడు. అతనికి చూపించిన ప్రకటనకి డబ్బులొస్తాయి, అందుకని ఎక్కువసేపు ఆపేవీ, ఎక్కువమందిని రెచ్చగొట్టేవీ పైకి తేలతాయి. మోకాలి ఆపరేషన్ గురించి నిదానంగా చెప్పిన ఆవిడ వీడియో కంటే, అత్తాకోడళ్ళ తగువు రీలు త్వరగా అందరికీ చేరడం అందుకే. కిమ్మనకుండా ఇతరుల పోస్టులు చూస్తూ పోయేవాళ్ళకి దిగులు పెరగొచ్చని, మాట కలిపేవాళ్ళకి అంత కాదని ఫేస్‌బుకే 2017 డిసెంబరులో ఒప్పుకుంది. తర్వాతి పరిశోధనలు ఆ గీత అంత తిన్నగా లేదన్నాయి. అయినా "నేనసలు ఏమీ పెట్టను, ఊరికే చూస్తుంటా" అనేవాళ్ళకి గర్వపడే కారణమైతే కనపడదు.

అడగని వాళ్ళ ఫోటోలు

పెద్దవాళ్ళు తమ సంగతి తాము చెప్పుకుంటే మంచో చెడో వాళ్ళదే. పిల్లల విషయంలో ఆ మాట చెల్లదు. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ళ మామూలు వీడియోని పట్టుకుని కొందరు యూట్యూబర్లు లైవ్‌లో అసభ్యంగా వెకిలి జోకులేసుకున్నారు. నటుడు సాయి దుర్గ తేజ్ (పాత పేరు సాయి ధరమ్ తేజ్) రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి దాన్ని తెచ్చాడు. పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేముందు ఆలోచించుకోమని తల్లిదండ్రులనూ వేడుకున్నాడు. తెలంగాణ పోలీసులు కేసు పెట్టి, ప్రధాన నిందితుణ్ణి బెంగళూరులో అరెస్టు చేశారు. ఆ వీడియో పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. ముద్దొచ్చి పెట్టుకున్నారు. ఎవరి కంటపడుతుందో ఎంచుకునే వీలు మాత్రం వాళ్ళకి లేకపోయింది.

పిల్లల వీడియోలతో ఇల్లు గడిచే కుటుంబాలు కూడా ఉన్నాయి కనుక, కొన్ని చోట్ల చట్టాలే వచ్చాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి, కుటుంబ వీడియోల్లో తగినంతసేపు కనిపించే పదహారేళ్ళలోపు పిల్లలకి ఆదాయంలో వాటా విడిగా దాచాలి. అంతకుముందు అలాంటి రక్షణ లేని లోటును అక్కడి సెనేటర్ దృష్టికి తెచ్చింది ఒక హైస్కూలు అమ్మాయి. ఫ్రాన్సు 2020లోనే పదహారేళ్ళలోపు పిల్లల సంపాదన బ్యాంకులో వేయాలంది. తమ వీడియోలు తీసెయ్యమని ఆ పిల్లలే అడగొచ్చని, అందుకు అమ్మానాన్నల అనుమతి అక్కర్లేదని కూడా రాసింది.

మన దేశంలో సినిమాల్లో, షోలలో నటించే బాలల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలని, రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదని 2017లో సవరించిన బాలకార్మిక నియమాలు చెబుతున్నాయి. వంటింట్లో ఫోను స్టాండుకి పెట్టి తీసే వ్లాగ్‌ని షూటింగ్ అనుకునే ఇళ్ళు తక్కువ. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి అడగాలంటుంది. సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునే వివరాలను మాత్రం అదే చట్టం వదిలేసింది. కాబట్టి పాకే వయసులో ఆవకాయ జాడీలో చెయ్యిపెట్టి ఏడ్చిన వీడియోతో ఊరంతటినీ నవ్వించిన పాప, పదో తరగతిలో తోటిపిల్లల వెక్కిరింతలు పడలేక దాన్ని తీసెయ్యాలనుకుంటే, ఫ్రాన్సులో అయితే నేరుగా ఆ కంపెనీకే రాయొచ్చు. ఇక్కడ ముందు అమ్మతోనో నాన్నతోనో పోట్లాడి గెలవాలి.